795 డాలర్ల కార్డు: ఉంచాలా, దించాలా, తీసేయాలా?

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటున్నాం. 2019 నుంచి నా దగ్గర ఛేజ్ బ్యాంకు వాళ్ల సఫైర్ రిజర్వ్ క్రెడిట్ కార్డు ఉంది. అదే ఖాతా మీద మా ఆవిడకు రెండో కార్డు తీసుకున్నాను. పది రోజుల కిందట వచ్చిన స్టేట్‌మెంటులో నాకు 795 డాలర్లు, ఆమె కార్డుకు 195, మొత్తం 990 డాలర్ల వార్షిక ఫీజు పడింది. ఇంట్లో ముగ్గురం, బాబుకి ఆరేళ్లు. ఏడాదికోసారి ఇండియా వెళ్తాం, ఇంకోసారి ఇక్కడే ఎక్కడికైనా మూడు రోజులు. ఎప్పుడూ కలిసే ప్రయాణం. విమానాలకీ హోటళ్లకీ ఏడాదికి 6,000 దాకా, పార్కింగు, రైళ్లు, ఊబర్లకి ఇంకో 1,000 అవుతుంది. 1,20,000 పాయింట్లున్నాయి, అన్నీ 2025 వేసవికి ముందు వచ్చినవే. ఈ ఏడాది ఇండియా టిక్కెట్లు ఇంకా కొనలేదు. డోర్‌డాష్‌లో నెలకోసారి సరుకులు తెప్పిస్తాం, ఊబర్ లాంటి లిఫ్ట్ ట్యాక్సీ ఎయిర్‌పోర్టుకి వెళ్లేటప్పుడే ఎక్కుతాం. కార్డుతో వచ్చే మిగతా క్రెడిట్లు, అంటే ఫలానా చోట ఖర్చుపెడితే బ్యాంకు వెనక్కిచ్చే డబ్బు, వాడిందే లేదు. కార్డు తీసేస్తే క్రెడిట్ స్కోరు పడిపోతుందని స్నేహితులు భయపెడుతున్నారు. వచ్చే ఏడాది ఇల్లు కొనే ఆలోచన ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ 195 సంగతి చూద్దాం. అసలు కార్డు గురించి ఏం తేల్చుకున్నా, అది మాత్రం శుద్ధ దండగ. రిజర్వ్ కార్డుతో వచ్చే ప్రయారిటీ పాస్ (ఎయిర్‌పోర్టు లాంజ్‌లలోకి వెళ్లనిచ్చే సభ్యత్వం) మీద మీరు, మీతో మరో ఇద్దరు ఉచితంగా లాంజ్‌లోకి వెళ్లొచ్చు. ఛేజ్ వాళ్ల సొంత సఫైర్ లాంజ్‌లలోనూ అంతే. మీరు ఉన్నదే ముగ్గురు, పైగా ఎప్పుడూ కలిసే వెళ్తారు. రెండో పాస్ బయటికి తీయాల్సిన సందర్భమే మీకు రాదు. ఇంట్లో నలుగురైతే, లేదా ఆవిడ విడిగా తరచు ప్రయాణాలు చేస్తుంటే అప్పుడు లెక్క వేరు. నాలుగో మనిషికి ఒక్కోసారికి 27 డాలర్లు కట్టాల్సి వస్తే, ఏడాదికి ఎనిమిదిసార్లు లాంజ్‌కి వెళ్తేగానీ 195 గిట్టదు. రెండో కార్డుకి 75 ఉన్నప్పుడు చాలామంది ఆలోచించకుండా తీసుకున్నారు. అది 195 అయ్యాక కూడా ఆలోచించకుండానే కడుతున్నారు.

ఇక అసలు కార్డు. 2016లో ఇది మొదలైనప్పుడు ఫీజు 450. 2020 జనవరిలో 550 అయింది. 2025 జూన్ 23 నుంచి కొత్తవాళ్లకి 795, పాతవాళ్లకి అదే ఏడాది అక్టోబరు 26 తర్వాత వచ్చే రెన్యువల్ నుంచి. ఫీజుతోపాటు కూపన్లూ, అంటే ఆ క్రెడిట్లూ పెంచారు. వాటన్నిటినీ ముఖవిలువకి కూడితే రెండు వేల డాలర్లు దాటినట్టు కనిపిస్తుంది. అలా కూడడమే తప్పు. కార్డు లేకపోయినా మీరు సొంత డబ్బు పెట్టి కొనే వస్తువుకే కూపన్ పూర్తి విలువ చేస్తుంది. కార్డు ఉంది కాబట్టి కొన్నదానికి సగం కూడా చేయదు. గడువు దాటనిచ్చినదానికి విలువ సున్నా. ఇవి ఆరు నెలలకోసారీ నెలకోసారీ ముక్కలుగా రావడం వెనక ఉద్దేశం కూడా అదే. మీరు కొన్ని మరిచిపోతారని బ్యాంకుకి తెలుసు.

వార్షిక 300 డాలర్ల ట్రావెల్ క్రెడిట్‌ని మాత్రం నగదు కిందే లెక్కించండి. విమానం, హోటల్, టోల్, పార్కింగ్, రైలు, ట్యాక్సీ, వేటికి కట్టినా దానంతట అదే సర్దుబాటవుతుంది. ఎక్కడా నమోదు చేసుకోనక్కర్లేదు. 7,000 ఖర్చు పెట్టే మీకు అది ఎలాగూ అయిపోతుంది. 300కి 300.

లాంజ్‌ల విలువ దగ్గరే ఎక్కువమంది తమని తాము మోసం చేసుకుంటారు. ప్రయారిటీ పాస్‌లో విడిగా ఒక్కసారికి 35 డాలర్లు కాబట్టి ముగ్గురికి 105, రాకపోకల్లో నాలుగు లాంజ్‌లకి 420 అని రాసుకుంటారు. లాంజ్ లేకపోతే మీరు 105 డాలర్లు ఇచ్చి లోపలికి వెళ్తారా? వెళ్లరు. గేటు దగ్గర ముగ్గురూ ఏదో తిని, కాఫీ తాగితే 40 డాలర్లు అవుతుందనుకుందాం. మిగిలేది అదే. నాలుగుసార్లకి 160. రద్దీ వేళల్లో పాస్ ఉన్నవాళ్లని కూడా తలుపు దగ్గరే ఆపేస్తున్నారు కాబట్టి ఇది కూడా కాస్త ఉదారంగా వేసిన అంకే. ఎయిర్‌పోర్టు రెస్టారెంట్లలో పాస్ చూపించి తినే సౌకర్యం ఈ కార్డుకి 2024 జులై నుంచి లేదన్నది కూడా గుర్తుంచుకోండి.

పాయింట్ల లెక్క వేయాలంటే పక్కన ఇంకో కార్డు పెట్టి పోల్చాలి. ఆ కార్డు ఇదే బ్యాంకు ఇచ్చే సఫైర్ ప్రిఫర్డ్. దాని ఫీజు 95. రెండో కార్డు ఉచితం. విదేశాల్లో వాడితే అదనపు రుసుము లేదు. పాయింట్లు ఎయిర్‌లైన్లకి బదిలీ చేసుకునే సౌకర్యం అందులోనూ ఉంది. రిజర్వ్‌లో ఎయిర్‌లైన్ దగ్గర, హోటల్ దగ్గర నేరుగా కొంటే డాలరుకి 4 పాయింట్లు, ప్రిఫర్డ్‌లో 2. మీ 6,000 మీద 24,000కి బదులు 12,000. కానీ మిగతా ప్రయాణ ఖర్చులకి, అంటే ఊబర్, పార్కింగ్, రైళ్లకి, రిజర్వ్ ఇప్పుడు ఇచ్చేది ఒక్క పాయింటే. ప్రిఫర్డ్ 2 ఇస్తుంది. మీ 1,000 డాలర్ల మీద ఖరీదైన కార్డే వెయ్యి పాయింట్లు వెనకబడుతోంది. రెస్టారెంట్ భోజనాలకి రెండూ 3 ఇస్తాయి. నికరంగా తేడా 11,000 పాయింట్లు. ఒక్కోటి 1.25 సెంట్లు అనుకుంటే 137 డాలర్లు.

లిఫ్ట్ ట్యాక్సీలకి రిజర్వ్ నెలకి 10 ఇస్తుంది. ఆ నెల దాటితే పోతుంది. ఎయిర్‌పోర్టుకి నాలుగుసార్లు ఎక్కితే 40. డోర్‌డాష్‌లో మీరు వాడుతున్న నెలకి 10 డాలర్ల సరుకుల తగ్గింపు ప్రిఫర్డ్‌కీ ఉంది కాబట్టి తేడా ఏమీ లేదు. (యాప్‌లో ధరలు దుకాణంలోకన్నా ఎక్కువుంటాయి. ఆ పదిలో ఎంత మిగులుతోందో ఒకసారి రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.) ఆటలకీ కచేరీలకీ టిక్కెట్లమ్మే స్టబ్‌హబ్‌కి ఆరు నెలలకి 150, టేబుళ్లు బుక్ చేసే ఓపెన్‌టేబుల్ జాబితాలో ఉన్న కొద్దిపాటి రెస్టారెంట్లకి ఆరు నెలలకి 150, వ్యాయామ చందా పెలోటన్‌కి నెలకి 10, ఆపిల్ మ్యూజిక్, ఆపిల్ టీవీ. వాడిందే లేదన్నారు కాబట్టి వీటన్నిటికీ కలిపి సున్నా. ఆపిల్ మ్యూజిక్‌కి మీరు ఇప్పటికే నెలనెలా కడుతుంటే మాత్రం నాకు చెప్పకుండా దాచిన 130 డాలర్లు అక్కడున్నట్టే. అది ఉంటే కింది లెక్క తారుమారవుతుంది. ఆ సౌకర్యాన్ని ఛేజ్ సైట్‌లో మీరే ఆన్ చేసుకోవాలి. కార్డు ఉన్నంతమాత్రాన ఉచితం కాదు.

300, 160, 137, 40 కూడితే 637. ప్రిఫర్డ్‌కి బదులు రిజర్వ్ ఉంచుకోవడానికి మీరు అదనంగా కట్టేది 795లోంచి 95 తీసేస్తే 700. అంటే 63 డాలర్ల నష్టం. రెండో కార్డు కూడా అలాగే ఉంచితే 258.

63 అన్నది పెద్ద మొత్తమేమీ కాదని అనిపించవచ్చు, నిజమే. దానికి బదులు వచ్చేది మెరుగైన బీమా. రిజర్వ్‌లో విమానం 6 గంటలు ఆలస్యమైనా, రాత్రి ఎక్కడైనా ఆగిపోవాల్సి వచ్చినా టిక్కెట్టుకి 500 డాలర్ల వరకు హోటలు, భోజనం ఖర్చులు ఇస్తారు. ప్రిఫర్డ్‌లో అదే 500, కానీ రాత్రి ఆగిపోవాల్సి రాకపోతే ఆలస్యం 12 గంటలు ఉండాలి. ప్రయాణం రద్దయితే ఇచ్చే మనిషికి 10,000 డాలర్ల హద్దు, అద్దె కారుకి ప్రైమరీ బీమా (మీ సొంత కారు బీమా కన్నా ముందు వర్తించేది) రెండింటిలోనూ ఉన్నాయి. మీరు ఏడాదికి అయిదారు ప్రయాణాలు చేసేవాళ్లయితే ఆ ఆరు గంటల తేడాకి 63 ఇచ్చేయండి అనేవాళ్లం. రెండు ప్రయాణాలకి అంత అవసరం కనిపించడం లేదు.

తూకాన్ని నిజంగా మార్చగలిగేది ఒక్కటే: ‘ది ఎడిట్’ పేరుతో ఛేజ్ ఎంచిన హోటళ్లకి ఇచ్చే క్రెడిట్. ఏడాదికి 250 చొప్పున రెండుసార్లు. కనీసం రెండు రాత్రులు, బ్యాంకు సొంత బుకింగ్ సైట్ ఛేజ్ ట్రావెల్‌లో ముందే డబ్బు కట్టి బుక్ చేయాలి. ఇద్దరికి ఉదయపు ఫలహారం, హోటల్లో ఖర్చు పెట్టుకోవడానికి 100 డాలర్లు కూడా ఇస్తారు. మీ మూడు రోజుల విహారానికి ఇది పనికొస్తుందా? ఆ జాబితాలోవి ఖరీదైన హోటళ్లు. మీరు మామూలుగా రాత్రికి 180 పెట్టేవారైతే, 350 పెట్టి రెండు రాత్రులుంటే 700. అందులో 250 పోను 450. మీ మామూలు హోటల్లో 360తో అయిపోయేది. 250 ‘ఆదా’ చేసి జేబులోంచి 90 ఎక్కువ ఇచ్చారన్నమాట. ఫలహారం, ఆ వంద డాలర్లు కలిపితే కొంత వెనక్కి వస్తుందిగానీ, డబ్బు మిగిలిందని మాత్రం అనలేం. మీరు ఎలాగూ రాత్రికి 350 పెట్టే హోటళ్లలోనే దిగేవాళ్లయితే 250కి 250 వచ్చినట్టే. అప్పుడు రిజర్వ్ ఉంచుకోండి, ఆవిడ కార్డు తీయించి 195 వెనక్కి అడగండి. కాదంటే ప్రిఫర్డ్‌కి దించడమే మేలు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే రెండోదే మీకు సరిపోతుంది.

అయితే ఫోన్ అందుకునే ముందు ఆ 1,20,000 పాయింట్లకి దారి చూపించాలి. తొందరపడి నష్టపోయేది ఇక్కడే. 2025 జూన్ 23కి ముందు నుంచీ రిజర్వ్ ఉన్నవాళ్లు 2025 అక్టోబరు 26కి ముందు సంపాదించిన పాయింట్లని ఛేజ్ ట్రావెల్‌లో ఒక్కోటి 1.5 సెంట్ల లెక్కన వాడుకోవచ్చు. 2027 అక్టోబరు 26 వరకు గడువుంది. 2025 అక్టోబరు 26 నుంచి వచ్చిన పాయింట్లు, బ్యాంకు ఎంచిన కొన్ని విమానాలకి, హోటళ్లకి తప్పిస్తే, ఒక్క సెంటే. మీ పాయింట్లన్నీ పాతవే కాబట్టి వాటి విలువ 1,800 డాలర్లు. ఒక్క సెంటు లెక్కన 1,200. ఈ 1.5 రేటు రిజర్వ్ ఖాతాని అంటిపెట్టుకుని ఉంటుంది. కార్డు దించగానే పోయినట్టే అనుకోండి. అంటే 63 డాలర్ల నష్టం తప్పించుకోబోయి 600 పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

కాబట్టి ఇండియా టిక్కెట్లు ముందు కొనండి, తర్వాత కార్డు దించండి. అదే తేదీకి, అదే విమానానికి ఛేజ్ ట్రావెల్‌లో ఎంత చూపిస్తోంది, ఎయిర్‌లైన్ సైట్‌లో ఎంత ఉంది, రెండూ చూడండి. తేడా 30, 40 డాలర్లలోపైతే పాయింట్లతో కొనేయండి, మిగిలిన మొత్తం కార్డు మీద కట్టండి. ఒక ఇబ్బంది ముందే చెప్పాలి. ఇలా కొన్న టిక్కెట్టు ట్రావెల్ ఏజెంటు ద్వారా కొన్న టిక్కెట్టు కిందే లెక్క. తేదీ మార్చుకోవాలన్నా, విమానం రద్దయినా ఎయిర్‌లైన్ వాళ్లు ‘మీ ఏజెంటుతో మాట్లాడండి’ అని ఛేజ్ వైపే చూపిస్తారు. అందుకే కనెక్షన్ మధ్య గంటన్నర మాత్రమే ఉన్న చవక టిక్కెట్టు ఇక్కడ కొనొద్దు.

పాయింట్లని ఎయిర్‌లైన్లకి పంపడం ఇంకో దారి. యునైటెడ్, ఎయిర్ కెనడా ఏరోప్లాన్, ఎయిర్ ఫ్రాన్స్-కేఎల్ఎం వాళ్ల ఫ్లయింగ్ బ్లూ, సింగపూర్, వర్జిన్ అట్లాంటిక్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఏవియోస్ వంటివాటికి ఒకటికి ఒకటి వెళ్తాయి. ఎయిర్ ఇండియా కూడా ఎయిర్ కెనడా ఉన్న స్టార్ అలయన్స్ కూటమిలోనే ఉంది కాబట్టి ఏరోప్లాన్ పాయింట్లతో దాని విమానాలూ దొరుకుతాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ లండన్ నుంచి హైదరాబాదుకి నేరుగా వెళ్తుంది కానీ, పాయింట్లతో తీసుకున్నా సర్‌చార్జీలు తడిసి మోపెడవుతాయి. ఎమిరేట్స్‌కి బదిలీ 2025 అక్టోబరులోనే ఆగిపోయింది. ఒకసారి పంపిన పాయింట్లు వెనక్కి రావు. కావలసిన తేదీన ముగ్గురికీ సీట్లు కళ్లముందు కనిపిస్తేనే పంపండి, ‘ఎప్పుడో వాడుకుందాం’ అని పంపకండి. స్కూలు సెలవుల్లో ఒకే విమానంలో మూడు సీట్లు ఆ ధరకి దొరకడం కష్టం. మీ విషయంలో 1.5 సెంట్ల దారే నమ్మకమైనది.

ప్రిఫర్డ్ ఉంటే పాయింట్లు పోవు, బదిలీ సౌకర్యం కూడా పోదు. అలా కాకుండా, ఫీజు లేని ఛేజ్ కార్డు ఫ్రీడమ్ అన్‌లిమిటెడ్‌కి దించితే ఎయిర్‌లైన్లకి బదిలీ ఉండదు. ఇండియాలో గీకిన ప్రతిసారీ 3 శాతం అదనంగా పడుతుంది. ఖాతానే పూర్తిగా మూసేస్తే అందులో మిగిలిన పాయింట్లు పోతాయి.

స్కోరు గురించి మీ స్నేహితులు చెప్పింది సగం నిజం. మూసేసిన ఖాతా, బకాయిలు లేనిదైతే, మీ క్రెడిట్ రిపోర్టులో పదేళ్ల దాకా ఉంటుంది. క్రెడిట్ స్కోరు కట్టే ఫైకో లెక్కలో దాని వయసూ కలుస్తుంది. కాబట్టి 2019 నాటి చరిత్ర మర్నాడే మాయమైపోదు. దెబ్బ తగిలేది లిమిట్ వైపు నుంచి, అంటే మొత్తం లిమిట్‌లో మీరు ఎంత శాతం వాడుతున్నారన్న లెక్క నుంచి. రిజర్వ్ లిమిట్ 20,000, మిగతా కార్డులన్నీ కలిపి 10,000, నెలకి స్టేట్‌మెంట్ బాకీ 3,000 అనుకోండి. ఇప్పుడు మీ వాడకం 10 శాతం. రిజర్వ్ మూసేస్తే అదే 3,000 కాస్తా 30 శాతం అవుతుంది. ఇంటి లోను అడగబోయే ముందు ఇది మంచిది కాదు. దించితే ఖాతా అదే, వయసు అదే, లిమిట్ కూడా మామూలుగా అదే ఉంటుంది. బ్యాంకు కొత్తగా మీ రిపోర్టు లాగదు. అందుకే ఇల్లు కొనబోయేవాళ్లకి ‘తీసేయడం’ కన్నా ‘దించడం’ చెప్తున్నాం. ఎవరైనా తప్పనిసరిగా మూసేయాల్సి వస్తే, ముందు ఆ లిమిట్‌ని తమ వేరే ఛేజ్ కార్డుకి మార్పించుకుని తర్వాత మూయాలి.

మీ ఆవిడ స్కోరు కూడా చూడండి. ఆమె రిపోర్టులో ఎక్కువ భాగం మీ కార్డు మీదే ఆధారపడి ఉంటే, ఆమె పేరు తీయించగానే ఆ ఖాతా చరిత్ర ఆమె రిపోర్టులోంచి వెళ్లిపోతుంది. ప్రిఫర్డ్‌లో రెండో కార్డుకి డబ్బు లేదు కాబట్టి దించాక ఆమెని అలాగే ఉండనివ్వండి. ‘ఆమె పేరు మీద కొత్తగా ప్రిఫర్డ్ తీసుకుని బోనస్ పాయింట్లు కొట్టేయండి’ అని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. మామూలు రోజుల్లో మంచి సలహానే, ఒకే ఇంట్లోవాళ్లు పాయింట్లు కలుపుకోవచ్చు కూడా. కానీ లోను ముందు కొత్త ఖాతాలు వద్దు. ఇంటి రిజిస్ట్రేషన్ అయ్యాక చూసుకోండి.

గడువు విషయానికొస్తే, ఫీజు పడిన 30 రోజుల్లోపు అడిగితే ఛేజ్ దాన్ని వెనక్కి ఇస్తుంది. పది రోజులు గడిచాయి, ఇంకా ఇరవై ఉన్నాయి. ముప్పయ్యో రోజు దాకా ఆగకుండా, టిక్కెట్లు కొని అవి ఖరారైన రెండు మూడు రోజులకి కార్డు వెనక ఉన్న నంబరుకి ఫోన్ చేయండి. ‘క్యాన్సిల్’ అన్న మాట ఎత్తకండి. ‘ప్రొడక్ట్ చేంజ్, సఫైర్ ప్రిఫర్డ్‌కి’ అనండి. ఫోన్ పెట్టేసే లోపు ఈ ప్రశ్నలకి జవాబులు రాసుకోండి: 795, 195 రెండూ పూర్తిగా వెనక్కి వస్తాయా, ఏ స్టేట్‌మెంటులో? కార్డు నంబరు మారుతుందా? మిగిలిన పాయింట్లు అలాగే ఉంటాయా? ఇప్పుడు కొన్న టిక్కెట్లకి ఏ కార్డు బీమా వర్తిస్తుంది? చివరిదానికి అవతలివాళ్లు తడబడితే బీమా విభాగం నంబరు తీసుకుని విడిగా అడగండి, వీలైతే సందేశం రూపంలో జవాబు తెప్పించుకోండి. ఫీజు తగ్గించమని అడగడంలో తప్పులేదు కానీ ఆశ పెట్టుకోకండి. అలాంటి రాయితీలు అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) కార్డుల్లో వినిపిస్తాయి, ఛేజ్‌లో అరుదు.

ఈ బుకింగ్ మీద కొత్త ఏడాది 300 క్రెడిట్ పడితే దాన్ని లాభం కింద రాసుకోవద్దు. ఫీజు తిరిగిచ్చేటప్పుడు బ్యాంకు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. గ్లోబల్ ఎంట్రీ (అమెరికాకి తిరిగొచ్చేటప్పుడు ఇమిగ్రేషన్ త్వరగా దాటించే పథకం) గడువు దగ్గర పడిందేమో కూడా ఇప్పుడే చూసుకోండి. దాని ఫీజు కింద నాలుగేళ్లకోసారి 120 డాలర్ల వరకు రిజర్వ్ ఇస్తుంది. ఇండియా పౌరులకీ ఆ పథకంలో చేరే వీలుంది.

దించిన తర్వాత మిగిలేవి చిన్న పనులు. ప్రయారిటీ పాస్ యాప్ ఫోన్లోంచి తీసేయండి. అలవాటు కొద్దీ చూపిస్తే లోపలికి పంపి తర్వాత మనిషికింత అని బిల్లు వేసే ప్రమాదం ఉంది. కార్డు ద్వారా ఏవైనా ఉచిత చందాలు ఆన్ చేసి ఉంటే, అవి డబ్బు చందాలుగా మారకముందే ఆపండి. నంబరు మారితే కరెంటు, ఫోను, టోల్ ట్యాగు ఆటోపేలు సరిచేయండి. టోల్ ట్యాగునే అందరూ మరిచిపోతారు. తర్వాతి రెండు స్టేట్‌మెంట్లలో 990 జమయిందో లేదో, దాని బదులు 95 మాత్రమే పడిందో లేదో చూసుకోండి. పడకపోతే, మీరు ఫోన్ చేసిన తేదీ, మాట్లాడినవాళ్లు చెప్పిన మాట రాసిపెట్టుకున్న కాగితం అప్పుడు పనికొస్తుంది.